లోపల పోసిన అమ్మోరు

పైడమ్మ ఆ మాట ఏమీ అనుకోకుండానే అంది. బస్సు దిగి, రాత్రి వానకి వీధిలో నిలిచిన నీళ్లలో చీర ఎత్తిపట్టుకుని నడిచి, ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూలబడి, నిండు పొట్ట మీద చెయ్యి వేసుకుని, "ఈయేల పొద్దుటి నుంచీ పడుకునే ఉన్నాడత్తా, రైలెక్కాలని తెలిసిపోనాది గావాల" అని నవ్వింది. నవ్విన పిల్ల ముఖం చూసి తను నవ్వకపోతే బాగుండదని పక్కన కూర్చున్న అప్పాయమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు పెదాల మీద ఉండగానే ఆమె ఒళ్లు చల్లబడింది. వరండా నిండా కడుపుతో ఉన్న ఆడవాళ్లు, వాళ్ల వెంట వచ్చిన అత్తలు, అమ్మలు, ఫినాయిలు వాసన, మూసిన గొడుగుల కింద చిన్న చిన్న మడుగులు. తలుపు దగ్గర ఆయా ఒక్కొక్క పేరే పిలుస్తోంది. పైడమ్మ పేరు రావడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. పడుకునే ఉన్నాడు. ఈ మాట ఎక్కడ విన్నదీ, ఎవరంటే విన్నదీ అని వెతుక్కోనక్కర్లేదు. ఎవరూ అనలేదు. తనే అంది. ఇదే కలకత్తాలో, గార్డెన్ రీచ్ కార్పొరేషన్ పనివాళ్ల లైను ఇళ్లలో, పైడమ్మ ఇంకా పుట్టని రోజుల్లో, పొట్ట మీద ఇలాగే చెయ్యి వేసుకుని, పొయ్యి ముందు కూర్చున్న అత్తగారితో, ఈయేల పడుకునే ఉన్నాడత్తా అని నవ్వుతూ తనే అంది.

ఎదురుగా స్తంభానికి చేరబడి గొంతుక్కూర్చున్న బైరాగి గుడ్డసంచీని మోకాళ్ల మధ్య ఇరికించుకుని గేటు వైపే చూస్తున్నాడు. అప్పాయమ్మకి తమ్ముడు, పైడమ్మకి తండ్రి. కూతుర్ని పురిటికి తీసుకెళ్లడానికి శ్రీకాకుళం అవతలి పల్లె నుంచి వచ్చాడు. తొలిచూలు పుట్టింట్లోనే జరగాలి. ఏడో నెలలో రావలసినవాడు పొలం పనుల్లో చిక్కుకుని ఇన్నాళ్లకి వచ్చాడు, ఆ ఆలస్యానికి వచ్చిన దగ్గర్నుంచీ తనని తనే తిట్టుకుంటున్నాడు. సాయంత్రం హౌరాలో రైలు. డాక్టరమ్మ దగ్గర రైలు మాట ఎత్తకూడదని, ఎత్తితే ఆమె వద్దంటుందని, ఊళ్లోకి సరిపడా మాత్రలు రాయించుకుని వచ్చేయడమే మన పని అని పొద్దున్న చల్దన్నం తింటూ అతనే తేల్చాడు. మన పల్లెలో ఆడవాళ్లు కనడం లేదా అన్నాడు. అప్పాయమ్మ అవునంది. పుట్టింటికి పంపను అనే అత్తగారు ఏం అత్తగారు? పైగా ఈ పిల్ల పరాయి పిల్లా, తన పుట్టింటి పిల్ల, తను పుట్టిన ఇంటికే పోతోంది. ఎర్రజెండాల ఊరేగింపు బయలుదేరిందనీ ధర్మతలా దగ్గర బస్సులన్నీ ఆగిపోతాయనీ బెంచీ మీద ఎవరో బెంగాలీలో అంటున్నారు. ఏటంతన్నారప్పా అని అక్కని అడిగాడు బైరాగి. చెప్పింది. హౌరా వంతెన కూడా మూసేస్తారా అని అడిగి, ఆమె జవాబు చెప్పేలోపే మళ్లీ గేటు వైపు తిరిగాడు. చిన్నప్పుడూ ఇంతే. భయం వేస్తే మనిషి ముఖం చూడడు, ఏదో ఒక వాకిలి వైపు చూస్తాడు.

ఆ మధ్య దురద ముందు అరిచేతులకి వచ్చింది పైడమ్మకి. తర్వాత అరికాళ్లకి. బట్టలు ఉతుకుతూ ఉతుకుతూ ఆపేసి గరుకుగా ఉన్న చప్టాకి చేతులు రాసుకునేది. మంచం పట్టెకి పాదాలు రాపాడిస్తూ పడుకునేది. పొక్కు లేదు, దద్దురు లేదు, ఊరికే దురద, గోకిన చోట్ల చారలు తప్ప ఒంటి మీద ఏమీ లేదు. చూడగానే అప్పాయమ్మకి తెలిసిపోయింది. దాని పేరు ఆమెకి అత్తగారు నేర్పింది. లోపల పోసిన అమ్మోరు. బయటికి పొక్కులుగా పోసే అమ్మోరు పది మందికీ కనిపించి, ఉపచారాలు చేయించుకుని, చల్లబడి వెళ్లిపోతుంది. లోపల పోసేది అలా వెళ్లదు, ఆవిడకి ఏదో కోపం ఉంటుంది. వేపమండలు తెచ్చి పక్కలో పరిచింది అప్పాయమ్మ. వేపాకూ పసుపూ నూరి పాదాలకి పట్టించింది. తాలింపు మాన్పించింది, ఇంట్లో మందు అన్న మాట ఎత్తనివ్వలేదు, చప్పటి చోడంబలి, ఉప్పులేని రాగిజావ, తాగించింది. పైడమ్మ కిక్కురుమనకుండా తాగింది. పెళ్లాం కళ్లు పసుపురంగుకి తిరగడం చూసి గోపీనాథే ఒకరోజు గిన్నె పక్కకి తోశాడు. అప్పాయమ్మకి ఉన్న ఒక్క కొడుకు, ఓడల యార్డులో వెల్డింగు పని. ఎప్పుడూ తల్లి మాటకి ఎదురు చెప్పనివాడు. పార్టీ ఆఫీసులో దాదా చేత ఒక మాట చెప్పించి ఇద్దర్నీ ఈ ఆసుపత్రికి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు.

డాక్టరమ్మ చిన్నపిల్లే. గోపీనాథ్ ఈడు ఉంటుందేమో. బెంగాలీలో నెమ్మదిగా చెప్పింది, పైడమ్మకి బెంగాలీ రాదు గనక అప్పాయమ్మ తెలుగు చేసింది. కాలేయంలో పిత్తం ఊరుతుందట, పేగుల్లోకి దిగి తిన్నది అరిగిస్తుందట. కడుపుతో ఉన్న కొందరు ఆడవాళ్లకి ఆ పిత్తం దిగవలసిన దారిన దిగకుండా నెత్తురులో కలుస్తుంది, అదే ఈ దురద. తల్లికి దురదతో పోతుంది గాని బిడ్డకి మంచిది కాదు. ఒక మాత్ర ఇస్తాను, అదీ ఒక రకం పిత్తమే, మంచి పిత్తం, ఆగిపోయినదాన్ని కదిలించి దారిలో పెడుతుంది, అన్నం తిన్న తర్వాత మింగాలి అంది. మొట్టమొదట దీన్ని ఎలుగుబంటి పిత్తంలో కనిపెట్టారు, ఇప్పుడు ఎలుగుబంట్ల జోలికి పోవక్కర్లేదులే, కార్ఖానాలో చేస్తారు అని నవ్వింది కూడా. ఆ ముక్క ఒక్కటీ అప్పాయమ్మ తెలుగు చెయ్యలేదు, వింటే పిల్ల కక్కుకుంటుంది. ఇంటికి వచ్చాక మాత్ర అరచేతిలో వేసుకుని చూసింది. తెల్లగా, నున్నగా, సుద్దముక్కలా ఉంది. పల్లెకి ఎలుగుబంటిని తోలుకొచ్చేవాడు గుర్తొచ్చాడు. జడుపు జ్వరం రాకుండా అమ్మ దాని వెంట్రుక తాయెత్తులో పెట్టించి బైరాగి మెడలో కట్టింది. వాడు ఆ జంతువుని చూసే జడుసుకుని, మూడు సందులు అవతల తన వీపు వెనకాల దొరికాడు. వెంట్రుక కడితే భయం పోయినప్పుడు పిత్తం మింగితే దురద పోతుందేమో అనుకుంది. పోయింది కూడా. కొన్నాళ్లకే పైడమ్మ చేతులు రాసుకోవడం తగ్గింది, కళ్లు తెల్లబడ్డాయి, ఒకరోజు మంచం మీద కదలకుండా నిద్రపోతున్న ఆ పాదాల్ని చూసి అప్పాయమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. సంతోషమే. సంతోషం అడుగున ఇంకేదో ఉంది. చీర అడగకుండా, కోడిని అడగకుండా, అన్నం తిని మింగిన ఒక మాత్రకి లేచి వెళ్లిపోయింది అంటే, అది అమ్మోరు ఎలా అవుతుంది? ఈ పిల్లకి వచ్చింది అమ్మోరు కాకపోతే, తనకి వచ్చింది?

ఆ సంగతి తలుచుకోకూడదు. కడుపుతో ఉన్నదాని ఎదుట పోయిన బిడ్డల మాట ఎత్తకూడదు, మనసులో కూడా అనుకోకూడదు. వాళ్ల లైన్లలో ఏ ఇంట్లోనైనా అదే పాటింపు. పిల్ల కడుపుతో ఉందని తెలిసిన నాటి నుంచీ అప్పాయమ్మ తను పోగొట్టుకున్న ఆ ఇద్దర్నీ మనసులోంచి బయటికి పంపి తలుపు వేసుకుంది. అంతకుముందు మాత్రం ఎవరితో చెప్పింది గనక? మొగుడు సూరన్నతో కూడా ఆ మాట రాలేదు. మొదటి బిడ్డని తువ్వాలులో చుట్టి తీసుకెళ్లిన మనిషి సాయంత్రానికి తిరిగి వచ్చి కాళ్లు కడుక్కుని, కార్పొరేషన్ చీపురు మూలన నిలబెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎక్కడ పెట్టి వచ్చాడో చెప్పలేదు. రెండోసారీ అంతే. పోయేదాకా చెప్పలేదు. అత్తగారు మాత్రం కారణం చెప్పింది. పెళ్లయి కలకత్తా వచ్చే ఏడు మరిడమ్మ పండగకి ఆగకుండా రైలెక్కింది కదా కోడలు, తల్లికి చీర పెట్టకుండా ఊరు దాటింది కదా, అందుకే తల్లి లోపల పోసింది. ఆ మాట అప్పాయమ్మ తన తప్పుగా మోసింది. అప్పటి నుంచి ప్రతి ఏడూ ఊరికి పోయేవాళ్ల చేత చీర, పసుపు, గాజులు పంపిస్తూనే ఉంది. బైరాగి తీసుకెళ్లి గుళ్లో పెట్టి వచ్చేవాడు, ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఈ మనిషి, ఇదిగో ఈ స్తంభం దగ్గర కూర్చున్న మనిషి. అప్పకి ఇద్దరు బిడ్డలు పోయారని పల్లెలో విన్నాడు, అంతవరకే తెలుసు. దురద సంగతి తెలియదు. దురద సంగతి మగవాళ్లతో ఎవరు చెబుతారు?

పైడమ్మ తల మెల్లగా వాలి ఆమె భుజానికి ఆనింది. కునుకు పట్టింది పిల్లకి. కొబ్బరినూనె వాసన. వీధిలో దూరంగా డప్పు, నినాదాలు, ఒకడు అంటే వందమంది అందుకుంటున్నారు, మాటలు తెలియడం లేదు, ఎవరో గోడ అవతల ఏదో ఈడుస్తున్నట్టుంది. అప్పాయమ్మ చెయ్యి దానంతటదే పిల్ల పొట్ట మీదికి వెళ్లింది. గట్టిగా, వెచ్చగా ఉంది. ఆగింది. ఊపిరికి పొట్ట లేచి దిగుతోంది, అది పిల్ల ఊపిరి, లోపలిది కాదు. కదలరా అనుకుంది. ఒక తన్ను తన్నరా, నీ అబ్బ నన్ను ఎన్ని తన్నాడు. ఆ అబ్బ అంటే గోపీనాథ్. వాడు పుట్టినప్పుడూ దురద వచ్చింది. అరిచేతులు గోనెసంచీకి రాసుకుని రాసుకుని నెత్తురు వచ్చింది. అప్పటికి చీరలు పంపడం మొదలుపెట్టింది గనక తల్లి వాణ్ణి కనికరించింది అనుకుంది, అత్తగారు కూడా అదే అంది, లైన్లలో అందరూ అదే అన్నారు. కాని వాడు ఎప్పుడు పుట్టాడు? నెలలు నిండకుండా పుట్టాడు. కుళాయి దగ్గర నీళ్ల కోసం నిలబడి ఉంటే ఎవరో ముందుకు తోసుకొచ్చారు, బిందెతో సహా చప్టా మీద పడింది, అక్కడే నొప్పులు మొదలయ్యాయి. పిల్లి పిల్లలా పుట్టాడు, దూదిలో చుట్టి పెట్టుకున్నారు, బతకడు అన్నారు. బతికాడు. నిండు నెలల దాకా లోపలున్న ఇద్దరూ పోయారు. తోసుకుని ముందే బయటపడినవాడు బతికాడు. చీర వల్ల కాదు. ఎవతో ఒకతె నీళ్ల కోసం తోయడం వల్ల. అప్పాయమ్మ చేతి కింద పిల్ల పొట్ట అలాగే ఉంది. ఆ రోజు కుళాయి దగ్గర తను ఆ ఆడదాన్ని ఎన్ని తిట్లు తిట్టింది, ఏళ్ల తరబడి ఎదురుపడితే ముఖం తిప్పుకుంది. ఇప్పుడు ఆమె ఎక్కడుందో, టికియాపారాలో కూతురి దగ్గరికి వెళ్లిపోయిందన్నారు.

చెప్పాలి. ఎవరికి చెప్పాలి? బైరాగికి చెబితే ఏమంటాడు? ఈ పిల్లని ఇమ్మని అడిగింది తనే. అడగడమంటే మామూలుగా కాదు, తమ్ముడి వాకిట్లో కూర్చుని, నా పుట్టింటి పిల్ల నా ఇంటికి రావాలి అని పట్టుపట్టింది. ఈ రోగం మన నెత్తురులో ఉందని తెలిసి తెచ్చుకున్నావా అంటే, తెలియదు అనాలి, తెలియదు నిజమే, కాని దురద తెలుసు కదా. పిల్లకి చెబితే? పోయిన బిడ్డల మాట దీని చెవిన పడకూడదు. మొదటిరోజు డాక్టరమ్మ అడిగింది, మీ అమ్మకి గాని అక్కచెల్లెళ్లకి గాని కడుపుతో ఉన్నప్పుడు ఇలా దురద వచ్చిందా అని. అప్పాయమ్మే తెలుగు చేసి అడిగింది. పైడమ్మ లేదంది. అది నిజమే. ఆ లేదు అన్నదాన్ని అప్పాయమ్మే తన నోటితో బెంగాలీలో చెప్పింది. తనని మాత్రం ఎవరూ అడగలేదు. అత్తగారిని ఎందుకు అడుగుతారు? బెంగాలీల్లో మేనరికాలు లేవు, వాళ్లకి అత్తగారు అంటే ఎక్కడో పరాయి ఇంటి మనిషి. మేనత్తే అత్తగారు అయి పక్కనే కూర్చుందని ఆ డాక్టరమ్మకి ఎలా తోస్తుంది? రైలు సాయంత్రం. రైల్లో ఒక రాత్రి, దిగాక బస్సు, బస్సు దిగాక బండి. పల్లెలో మంత్రసాని. నెలలు నిండాలి అంటారు అక్కడ, నిండేదాకా కూర్చోబెడతారు. పైడమ్మ నిద్రలోనే పెదాలు కదిపింది. ఆయా తలుపు దగ్గర ఆమె పేరు పిలిచింది, బెంగాలీ నోట్లో అది వేరే ఎవరి పేరో అన్నట్టు వినబడింది.

ముగ్గురూ లోపలికి వెళ్లారు. బైరాగి చెప్పులు గుమ్మం బయట విడిచి, సంచీ చంకన పెట్టుకుని మూలగా నిలబడ్డాడు. డాక్టరమ్మ పైడమ్మ చేతులు చూసింది, కనురెప్పలు లాగి చూసింది, దురద బాగా తగ్గిందన్న మాట అప్పాయమ్మ నోట విని సంతోషించింది. పోయిన వారం నెత్తురు పరీక్షలో కూడా కొంచెం మెరుగే ఉంది, మాత్రలు ఇలాగే వాడండి, వచ్చే వారం మళ్లీ చూసి కాన్పు ఎప్పుడన్నది చెబుతాను అంటూ కాగితం మీద రాస్తోంది. కలం ఆగేలోపు. ఆ కలం ఆగితే కాగితం తమ్ముడి సంచీలోకి వెళ్లిపోతుంది. మూల నుంచి బైరాగి, మాత్రలు ఎక్కువ రాయమను అప్పా అన్నాడు మెల్లిగా. అప్పాయమ్మ నోరు తెరిచింది. పిల్ల పక్కనే ఉంది, తమ్ముడు వెనకే ఉన్నాడు. అప్పుడు తట్టింది ఆమెకి, ఈ గదిలో బెంగాలీ వచ్చింది తనకీ డాక్టరమ్మకీ మాత్రమే. పోయిన బిడ్డల మాట ఎత్తకూడదన్నవాళ్లంతా తెలుగువాళ్లు. ఆ పాటింపు తెలుగులోది. ముప్పై ఏళ్లుగా బజారులో చేపలు బేరమాడిన భాషలో, కుళాయి దగ్గర తగువులాడిన భాషలో, ఆమె ఒక చెయ్యి బల్ల మీద ఆనించి, చేపల ధర అడిగినంత మామూలు గొంతుతో చెప్పింది.

"దీదీ, నేను దీని అత్తగార్ని ఒక్కదాన్నే కాదు. దీని పిసీని. దీని తండ్రీ నేనూ ఒక్క తల్లి బిడ్డలం. నాకూ ఈ దురదే వచ్చింది. ఇద్దరు లోపలే పోయారు. పోయేముందు ఇద్దరూ ఇలాగే పడుకున్నారు. పొద్దుటి నుంచి బిడ్డ పడుకునే ఉన్నాడని ఇది అంటోంది."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. పిసీ, అంటే తండ్రి తోడబుట్టినది, అని తనలో తను అన్నట్టు అంది. ముందే ఎందుకు చెప్పలేదని అడగలేదు. లేచి పైడమ్మని బల్ల మీద పడుకోబెట్టింది, పొట్ట మీద ఏదో జిగురు రాసి చిన్న యంత్రం ఆనించింది. ఏటత్తా, ఏటైనాది అంది పైడమ్మ. ఏం లేదమ్మా, చూత్తంది అంది అప్పాయమ్మ. యంత్రంలో గాలి వీచినట్టు చప్పుడు. ఇంకో చోట ఆనించింది. మళ్లీ గాలి. అప్పాయమ్మ కిటికీ ఊచల వైపు చూసింది, ఊచకి ఒక వాన చుక్క వేలాడుతోంది, అది పడకూడదు అనుకుంది, ఎందుకో తెలియదు. చుక్క పడింది. ఇంకొంచెం కిందికి జరిపింది డాక్టరమ్మ, అప్పుడు వచ్చింది. మెటియాబ్రుజ్ సందుల్లో తలుపులు వేసుకుని దర్జీలు మిషన్లు తొక్కుతుంటే బయట నడిచేవాళ్లకి వినబడే చప్పుడు. ఉరుకుతోంది. ఉరికి ఉరికి కాస్త నెమ్మదించింది, కాలు తీసినట్టు, మళ్లీ అందుకుంది. డాక్టరమ్మ ముఖంలోకే చూస్తోంది అప్పాయమ్మ. ఉన్నాడు, అంది డాక్టరమ్మ. కాని నాకు ఈ నెమ్మదించడం నచ్చలేదు, ఇక ఆగను, ఇవాళే బిడ్డని బయటికి తీసేస్తాను, ఇల్లు అన్న మాట వద్దు. ఆయాని పిలిచి గబగబా ఏవో చెప్పింది. పైడమ్మ అత్త చేతిని పట్టుకుంది. నొప్పిగా పట్టుకుంది. అప్పాయమ్మ ఆ తల నిమిరి, నీ మొగుడు కూడా ఆగలేనోడే, నీ కొడుకూ అలాగే ఈయేలే వచ్చేత్తాడట అంది.

పిల్లని చక్రాల బల్ల మీద తీసుకుపోయారు. వరండాలో అదే బెంచీ, ఇప్పుడు దాని మీద ఇద్దరే. ఊరేగింపు ఆసుపత్రి ముందు నుంచే పోతోంది, గేటు దాటి చప్పుడంతా లోపలికి వచ్చి, సద్దుమణిగి, వంతెన వైపు వెళ్లిపోయింది. గోపీనాథ్‌కి యార్డుకి కబురు పంపారు. బైరాగి సంచీ కింద పెట్టాడు. రైలు మాట ఎత్తలేదు. దాక్తరమ్మకి ఏటి సెప్పినావప్పా అని అడిగాడు. గేటు వైపు చూస్తూనే అడిగాడు. పిల్ల ఎదుట లేదు, ఇక ఏ అడ్డూ లేదు, అయినా ఈ మాట తెలుగులో ఎలా మొదలుపెట్టాలో అప్పాయమ్మకి తెలియలేదు, ఎప్పుడూ అనని మాట. ముందు దురద చెప్పింది. గోనెసంచీ చెప్పింది. వేపమండలు, అత్తగారు చెప్పిన కారణం, ప్రతి ఏడూ పంపిన చీర ఎందుకో చెప్పింది. మొదటిది, రెండోది. గోపీనాథ్ కుళాయి దగ్గర పడడం. చెబుతున్నంతసేపూ ఒళ్లో పైట కొంగు మడతలు పెడుతూ, విప్పుతూ ఉంది. చెప్పడం అయ్యాక కూర్చుంది. ఇక అనాలి అతను. తెలిసి నా బిడ్డని తెచ్చుకున్నావా అనాలి. అంటే పడాలి, జవాబు చెప్పకుండా పడాలి అనుకుంది. మూసి ఉన్న తలుపు ఒకటి లోపల ఎక్కడో తెరుచుకుని మూసుకున్న చప్పుడు వచ్చింది, ఇద్దరూ ఆగి విన్నారు, ఏమీ లేదు. అప్పుడు బైరాగి గేటు మీద నుంచి కళ్లు తిప్పి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఆళ్లిద్దరూ ఆడపిల్లలేటి అప్పా, మగపిల్లలేటి?"

ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. చూడకూడదు అన్నారు పురిటింట్లో, చూస్తే మనసులోంచి పోదన్నారు. ఆమె చూసింది, తువ్వాలు చుట్టేలోపు, దీపం వెలుతురులో, రెండుసార్లూ చూసింది.

"రెండోవోడు మగపిల్లోడు" అంది అప్పాయమ్మ. "నెత్తి నిండా జుట్టు. పెద్దది ఆడపిల్ల. దానికి నీ ముక్కేరా."